గడువు తీరిన ఇంజనీరు

2007వ సంవత్సరం, జూన్ నెల. అనంతపురంలో ఒక సిమెంటు దుకాణం పైన ఉన్న రెండు గదుల్లో నేను కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సులు చెప్పేవాణ్ణి. ఆ పని మొదలుపెట్టి అప్పటికి దాదాపు పదేళ్ళు. మొదట్లో ఉన్న హుషారు చాలావరకు అయిపోయింది. చెప్పిన పాఠమే చెప్పి, వేసిన జోకే వేసి, నవ్వినవాళ్ళను చూసి నేనూ నవ్వినట్టు ముఖం పెట్టేవాణ్ణి. జూన్ సగం దాటినా చినుకు లేదు. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. కరెంటు పోతే యూపీఎస్ కాసేపు కీచుమని అరిచి ఊరుకునేది. శనక్కాయ పంట ఎండిపోయిన ఇళ్ళనుంచి పిల్లలు వచ్చేవాళ్ళు. “ఏదో ఒకటి నేర్పించు సార్, బెంగుళూరు పోతాడు” అని తండ్రులు వదిలిపెట్టి వెళ్ళేవాళ్ళు.

ఈ పని తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడమే నెట్‌వర్కింగ్. ఏ సమాచారం ఏ దారిన పోవాలో నిర్ణయించే పెట్టెను రౌటర్ అంటారు. ఆ పెట్టెలు తయారుచేసే కంపెనీలే పరీక్షలు పెట్టి సర్టిఫికేట్లు ఇస్తాయి. డిగ్రీ పట్టాలాగా అది జన్మంతా ఉండేది కాదు. మూడేళ్ళే దాని ఆయుష్షు. ఆలోపు మళ్ళీ పరీక్ష రాయకపోతే చెల్లదు. మొదటి స్థాయి, దాని మీద రెండో స్థాయి ఉంటాయి. నేను మొదటిదే పాసయ్యాను. మా ఊళ్ళో పాఠం చెప్పడానికి అది చాలు.

ఆ జూన్‌లో ఒక మధ్యాహ్నం ముప్ఫై నాలుగు, ముప్ఫై అయిదేళ్ళ ఆవిడ మెట్లెక్కి వచ్చింది. బక్కపలచని మనిషి, నేత చీర, చెమటకు తడిసిన నుదురు. పేరు భారతి అని చెప్పి ప్లాస్టిక్ కవరులోంచి రెండు సర్టిఫికేట్లు తీసి నా బల్లమీద పెట్టింది. అందులో ఒకటి రెండో స్థాయిది.

“ఇది మీదేనామ్మా?” అన్నాను.

“నాదే సార్. బెంగుళూరులో ఉద్యోగం చేసేటప్పుడు రాసినా.”

“పైది ఉండాది కదా. మళ్ళా కింది కోర్సు ఎందుకు?”

“పైది పోయింది, కిందిదీ పోయింది సార్. గడువు దాటి చానా ఏండ్లాయ. మళ్ళా మొదట్నుంచి రావాలంట.”

ఆమె మాటల్ని బట్టి నాకు తెలిసింది ఇది. ఒక ప్రైవేటు కంపెనీ మన జిల్లాలోని బ్యాంకు శాఖలన్నింటినీ ఒక నెట్‌వర్కులో కలిపే పని తీసుకుంది. ఈమెతో ఒకప్పుడు పనిచేసిన ఆయన దానికి మేనేజరు. జిల్లాలోనే ఉండి పని చూసుకునే ఇంజనీరు కావాలి. ఈమె పనితనం ఆయనకు తెలుసు. కానీ చెల్లుబాటయ్యే సర్టిఫికేట్ ఉన్నవాళ్ళే రౌటర్ ముట్టుకోవాలని బ్యాంకు షరతు పెట్టింది. “తెచ్చుకో, ఉద్యోగం నీదే” అన్నాడట ఆయన.

“ఇన్నేళ్ళు ఎందుకు వదిలేసినారు?” అని అడిగాను.

“ఇంట్లో ఆయనకు బాగలేదు సార్” అంది. అంతకుమించి చెప్పలేదు. నేనూ అడగలేదు. ఫీజు రసీదు రాసి, మధ్యాహ్నం బ్యాచ్‌లో వేసుకున్నాను.

మొదటి వారం పిల్లలు ఆమెను ఆంటీ అన్నారు, తర్వాత అక్కా అన్నారు. కేబుల్ చివర ప్లగ్గు బిగించడం నేర్పిన రోజు ఆమె చేతులు నా చేతులకంటే వేగంగా కదిలాయి. చూసి నాకు సంతోషమైంది. నాలుగు నెలల్లో పాసవుతుందనుకున్నాను.

అక్కణ్ణుంచే కష్టం మొదలైంది. ఆమె మరిచిపోయినవాటితో ఇబ్బంది లేదు, మళ్ళీ చదివితే వచ్చేవి. గట్టిగా గుర్తున్నవే అడ్డం పడేవి. ఆమె పని వదిలేసిన తర్వాత సిలబస్ మారింది. పాత పద్ధతులు కొన్ని తీసేశారు, వైర్‌లెస్, సెక్యూరిటీ లాంటివి కలిపారు. సబ్‌నెట్టింగ్ అని ఒక లెక్క ఉంది. ఒక పెద్ద అడ్రసుల గుంపును చిన్న భాగాలుగా పంచే లెక్క అది. ఆమె నేర్చుకున్న కాలంలో అలా పంచిన భాగాల్లో మొదటిదాన్నీ చివరిదాన్నీ వాడకూడదనేవాళ్ళు. అందుకని లెక్క చివర రెండు తీసెయ్యాలి. ఇప్పుడు అన్నీ వాడుకోవచ్చు, తీయనక్కర్లేదు. అయితే ఒక్కో భాగం లోపలున్న అడ్రసుల లెక్కలో మాత్రం ఇప్పటికీ రెండు తీయాల్సిందే. ఆమె రెండుచోట్లా తీసేది. తప్పని చెబితే తల ఊపేది. మరుసటి లెక్కలో ఆమె పెన్ను దానంతటదే మళ్ళీ రెండు తీసేది.

“2000లో అయితే ఇది రైటే కద సార్” అంది ఒకసారి.

“రైటేనమ్మా. ఇప్పుడు కాదు.”

నవ్వింది కానీ ఆ నవ్వులో ఓపిక లేదు. కొన్ని రోజులు పాఠం మధ్యలో కూర్చునే నిద్రపోయేది. పిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్ళు. క్లాసు అయిపోక ముందే లేచి, బ్యాగు చంకన వేసుకుని, బుక్కరాయసముద్రం ఆటో కోసం పరిగెత్తేది.

నవంబరులో బెంగుళూరు వెళ్ళి పరీక్ష రాసింది. ఈ పరీక్షలు కంప్యూటర్ మీదే ఉంటాయి, చివరి ప్రశ్న కాగానే ఫలితం తెరమీద కనబడుతుంది. సాయంత్రం ఫోన్ చేసింది. వెనక బస్‌స్టాండు గోల.

“పోయింది సార్” అంది.

“ఎంతలో?”

“కొంచెంలో.”

“మళ్ళా రాద్దాం లేమ్మా. రేపు రా.”

సరేనంది. మర్నాడు రాలేదు. ఆ వారం రాలేదు, పై వారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఫెయిలైన తర్వాత మాయమైపోయేవాళ్ళు మా దగ్గర కొత్త కాదు. ఇంకొకరు పోయారనుకున్నాను.

కొన్నాళ్ళకు బుక్కరాయసముద్రంలో ఒక బడిలో కంప్యూటర్లు బాగుచేయడానికి పోయాను. పని త్వరగా అయిపోయింది. వచ్చాను కదా, భారతిని ఒకసారి చూసి పోదామనిపించింది. టీ కొట్టులో అడిగితే, “మంచంలో ఉండే నాగిరెడ్డి పెండ్లాం కదన్నా? ఆ సందులో పో” అన్నారు. మంచంలో ఉన్నాడని ఆమె నాకు చెప్పనేలేదు. చెరువులో నీళ్ళు లేవు. నెర్రెలిచ్చిన మట్టిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

తలుపు తీసిన భారతి చేతులకు రబ్బరు తొడుగులున్నాయి. ఇల్లంతా డెట్టాల్ వాసన. “సార్, మీరా?” అంది. లోపల్నుంచి మగగొంతు వినబడింది.

“ఎవరు భారతీ? కంప్యూటర్ సారా? రమ్మను లోపలికి. నేను లేసి రాలేను కదా.”

నాగిరెడ్డి బోర్లా పడుకుని ఉన్నాడు. భుజాలు బలమైనవి, నడుం కిందినుంచి కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. వెన్ను చివర కట్టు. ముఖం పక్కకు తిప్పి నన్ను చూసి నవ్వాడు.

“కూచో అన్నా. ఈ యవ్వారంలో కాఫీ ఆలస్యమైతాది, ఏమనుకోవద్దు.”

ఆయన బెంగుళూరులో బిల్డింగు పనుల కాంట్రాక్టరు. పెళ్ళయిన రెండో ఏడు, కడుతున్న మేడమీద పరంజా విరిగి కింద పడ్డాడు. వెన్నుపూస దెబ్బతింది. నడుం కింద స్పర్శ పోయింది. ఆస్పత్రులన్నీ తిరిగి, ఇంక లాభం లేదని సొంత ఊరికి చేరారు. భారతి ఉద్యోగం మానేసింది. ఇట్లాంటి మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ ఉండాలి. లేకపోతే ఎముక ఒత్తుకున్నచోట చర్మం చచ్చి పుండు పడుతుంది. మనకు నొప్పి పుట్టి మనమే మెసులుతాం. ఆయనకు ఆ నొప్పి తెలియదు.

భారతి క్లాసుకు వచ్చే వేళల్లో ఆయనను తిప్పడానికి పక్కింటి మార్తమ్మను పెట్టుకున్నారు. మార్తమ్మ కూలిపని చేసుకునే మనిషి. కలుపు పని దొరికిన రోజు ఆమెకు ఆ కూలి కావాలి. నాగిరెడ్డే ఆమెతో, “నువ్వు పో అక్కా. భారతితో నేను చెప్పన్లే” అన్నాడు. సాయంత్రం భార్య అడిగితే, “వచ్చింది, తిప్పింది” అనేవాడు. పరీక్షకని భారతి ముందురోజే బెంగుళూరు వెళ్ళింది. ఆ రోజే మార్తమ్మకు జ్వరం. ఆయన ఎవర్నీ పిలవలేదు. ఆమె తిరిగి వచ్చేసరికి వెన్ను చివర పుండు పగిలి ఉంది.

ఇదంతా ఆయనే చెప్పాడు, వేరే ఎవరికో జరిగినట్టు.

“పరీక్ష పోయిందని కాదన్నా ఈమె ఏడుపు. ఈ పుండుకు. నాకు నొప్పే లేదు. నొప్పి లేనోనికి పుండైతే ఏమి?”

భారతి తొడుగులు విప్పుతూ ఆగింది. “నీకు లేదు. నాకు ఉండాది” అంది.

“ఏడేండ్లు నన్ను మోసినావు. ఆరు నెల్లు నేను ఓర్చుకోలేనా?”

“ఎవరు ఓర్చుకోమన్న్యారు నిన్ను? నేను అడిగితినా?”

ఆమె నావైపు తిరిగింది. గొంతు తగ్గించినా చిన్న గది, ఆయనకు వినబడుతూనే ఉంది.

“పరీక్షకు ముందే అక్కడ ఎర్రగా కనపడింది సార్ నాకు. ఉడుకుకు లేసిందిలే అన్న్యాడు. కాదని నాకు తెల్సు. ఇన్నేండ్లు చూసినదాన్ని, తెలీకుండా ఉంటాదా? పౌడరు చల్లి, పుస్తకం తీసినా.”

కాఫీ తాగి లేచాను. గడప దాటుతుంటే నాగిరెడ్డి వెనకనుంచి పిలిచాడు.

“సార్, మీ రౌటర్ డబ్బాలు ఈడికి తెస్తే పని కాదా?”

“చూద్దాంలే అన్నా” అన్నాను. వచ్చే దారంతా కుదరదనే అనుకున్నాను. నాకున్న సెలవు ఒక్క ఆదివారం. బెంగుళూరు పాత సామాన్ల బజారులో కొన్న రౌటర్లు నాకున్నవే కొన్ని, దారిలో పడితే మళ్ళీ కొనే శక్తి లేదు. ఇంటికొచ్చి మా ఆవిడతో జరిగింది చెప్పాను. “ఆదివారం కూడా ఇంట్లో ఉండవన్న మాట” అంది. ఆ మాట అంటూనే రౌటర్లు చుట్టడానికి పాత దుప్పటి తీసి ఇచ్చింది.

ఆదివారం రెండు రౌటర్లు దుప్పట్లో చుట్టి స్కూటరు వెనక కట్టుకుని వెళ్ళాను. వాళ్ళ ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి ఉంది. మంచం పక్కన స్టూలు వేసి అన్నీ కలిపాం. భారతి నేలమీద కూర్చుని కమాండ్లు కొట్టేది. మధ్యలో వాచీ చూసుకుని లేచి ఆయనను ఒక పక్కకు ఒత్తిగిల్లించి, తలగడ సరిచేసి, చేతులు కడుక్కుని మళ్ళీ కూర్చునేది. పాఠం ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే అందుకునేది. నా క్లాసులో ఒక్కరోజూ ఆమెలో అంత ధ్యాస చూడలేదు.

మార్తమ్మ ఒకరోజు వాకిట్లో నిలబడి ఏడ్చింది. “రెడ్డి పొమ్మన్న్యాడు, నేను పోతి తల్లీ” అంది. భారతి ఆమెను ఒక్క మాట అనలేదు. “నీ కూలి నువ్వు పోగొట్టుకోవద్దు. రాలేని రోజు ఉంటే నాకు చెప్పు, ఆయనకు కాదు” అంది. భారతి మళ్ళీ క్లాసుకు రాసాగింది, అప్పట్నుంచి అదే లెక్క. మార్తమ్మ రాని రోజు భారతి క్లాసుకు రాదు. ఆ రోజు పాఠం ఆదివారం చెప్పేవాణ్ణి.

పండుకున్నచోటినుంచే నాగిరెడ్డి అంతా వినేవాడు. ఒకసారి భారతి మళ్ళీ సబ్‌నెట్టింగ్‌లో రెండు తీసింది. నేను విసుగ్గా కాగితం పక్కన పెట్టాను. ఆయన అందుకున్నాడు.

“ఏంది సార్ ఆ రెండు రెండు అంటాండారు?”

భాగాలు, అడ్రసులు, పాత పద్ధతి, కొత్త పద్ధతి అని నాకు చేతనైనట్టు చెప్పాను.

“లేఅవుట్ మాదిరి కదా. ముందు మొదటి ప్లాటూ కడా ప్లాటూ అమ్మకుండా వదిలేసేటోళ్ళు. ఇప్పుడు అన్నీ అమ్ముకోవచ్చంటాండారు. అయితే ఏ ప్లాట్లో ఇల్లు కట్టినా ముందింత, వెనకింత జాగా ఇడ్సాల్సిందే. అంతేనా?”

భారతి నా ముఖం చూసింది. నేను ఆమె ముఖం చూశాను.

“అంతేనన్నా” అన్నాను.

“దానికి ఇన్ని నెల్లా?” అన్నాడు. ఆ ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వింది అదే మొదలు. ఆ లెక్క ఆమె మళ్ళీ తప్పలేదని చెప్పలేను. తప్పినప్పుడల్లా ఆయన మంచం మీదనుంచి “ప్లాటు ఇడ్సొద్దు, జాగా ఇడ్సు” అని అరిచేవాడు.

పుండు మానడం చాలా నెమ్మది. పెద్దాసుపత్రి డాక్టరు చెప్పినట్టు కట్టు మార్చేది, ఒకవారం తగ్గినట్టు కనబడి మరో వారం మళ్ళీ చీము పట్టేది. భారతి రెండుసార్లు “ఇంక చాలు సార్, నాతో కాదు” అంది. ఆ రెండుసార్లూ నేను రౌటర్లు దుప్పట్లో చుట్టి తెచ్చేసుకున్నాను. నాక్కూడా ఓపిక అయిపోయింది, బతిమాలలేదు. రెండుసార్లూ శనివారం నాడు ఆమే ఫోన్ చేసింది. బ్యాంకు పని ఆలస్యమై మేనేజరు వేసవిదాకా ఆగగలనన్నాడు. అది మా అదృష్టం.

మార్చిలో మళ్ళీ పరీక్ష పెట్టుకుంది. అప్పటికి పుండు పూడుతోంది, కానీ పైన కొత్త చర్మం ఇంకా పలచగా ఉంది. ఈసారి రాత్రి ఉండకుండా తెల్లవారి బస్సుకు పోయి సాయంత్రానికి రావాలని అనుకుంది. ఆ రోజు మార్తమ్మతోపాటు నేనూ వాళ్ళ ఇంట్లో ఉన్నాను. మనిషిని తిప్పడం నాకు మార్తమ్మ నేర్పింది. ఒక చెయ్యి భుజం కింద, ఇంకొకటి తొడ కింద పెట్టి, ఈడ్వకుండా దొర్లించాలి.

“సిమెంటు మూట అనుకున్న్యావా అన్నా? మెల్లగా” అన్నాడు నాగిరెడ్డి. నాకు చెమటలు పట్టాయి. మధ్యాహ్నానికి నా నడుం పట్టేసింది. భారతి ఈ పని ఏడేళ్ళుగా చేస్తోంది. పొద్దంతా చేసి, రాత్రీ చేసి, మధ్యలో నా క్లాసుకు వచ్చి కూర్చునేది. ఆమె నిద్రపోతే పిల్లలు నవ్వేవాళ్ళని చెప్పాను కదా.

ఫోన్ మోగినప్పుడు ఆయన ఎత్తలేదు. నా చేతికిచ్చాడు. భారతి ఒక్క మాటే అంది. “వచ్చింది సార్.”

నేను ఆయనకు చెప్పాను. ఆయన భుజం మీది టవలు ముఖం మీద వేసుకున్నాడు. మార్తమ్మ వంటింట్లోకి పోయింది. టవలు కిందినుంచే, “ఇంక పైది రాయమను” అన్నాడు.

సాయంత్రం భారతి వచ్చి బ్యాగు కూడా దించకుండా ముందు ఆయన వీపు చూసింది. కట్టు పొడిగా ఉంది. అప్పుడు చేతులు కడుక్కుని, బ్యాగులోంచి ఫలితం కాగితం తీసి ఆయనకు ఇచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఎవరం లేపలేదు.

ఉద్యోగం వచ్చింది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఒకరోజు విడపనకల్లు, ఒకరోజు గుత్తి అని బస్సుల్లో తిరిగేది. కొన్ని శాఖల్లో ఆమెను చూసి, “ఇంజనీరు రాలేదామ్మా?” అని అడిగేవాళ్ళట. “నేనే సార్” అని చెప్పి పని చూసుకునేది. జీతంలో కొంత మార్తమ్మకు నెలజీతంగా ఇచ్చేది, కూలికి పోనక్కర్లేకుండా. నాగిరెడ్డికి ఆ తర్వాతా పుండ్లు పడ్డాయి, మానాయి. అవి పడకుండా ఉండవు. ఒకసారి బస్‌స్టాండులో ఎదురుపడితే, “ఉద్యోగమొస్తే ఈ అలుపు పోతాదనుకున్నా సార్. పోలేదు. కాకపోతే ఇప్పుడు వేరే అలుపు కూడా ఉండాది, అది కొంచెం బాగుండాది” అంది. మరుసటి ఏడు రెండో స్థాయి పరీక్ష కూడా పాసైంది. దాంతో కిందిదానికీ గడువు పెరిగింది. అది నేను నేర్పలేదు. నాకు రాదు.

ఆమె తర్వాత కూడా చదువుకీ ఉద్యోగానికీ మధ్యలో ఏళ్ళకేళ్ళు ఖాళీ వచ్చినవాళ్ళు మా మెట్లెక్కారు. కాన్పులకు మానేసినవాళ్ళు, జబ్బుపడి లేచినవాళ్ళు, సేద్యంలో దిగి మళ్ళీ బయటికొచ్చినవాళ్ళు. ఇదివరకు నేను వాళ్ళను ఏ సంవత్సరంలో మానేశారు, ఏం గుర్తుంది అని అడిగేవాణ్ణి. వాటివల్ల ఏ పాఠంనుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది, అంతే. ఆ మనిషి చివరిదాకా రాగలరో లేదో తెలియదు.

ఇప్పుడు ముందు ఒకటే అడుగుతాను. “మీరు ఈడ కూర్చున్నంతసేపు ఆడ ఎవరుంటారు?” కొందరికి కోపం వస్తుంది. ఫీజు కడుతున్నాం, మా ఇంటి సంగతి నీకెందుకంటారు. కొందరు వెంటనే, “అంతా ఉన్నారు సార్, ఏం ఇబ్బంది లేదు” అంటారు. అప్పుడు నేను రసీదు పుస్తకం తీయను. కుర్చీ చూపించి, కాసేపు కూర్చోమంటాను. చాలామంది కూర్చున్న తర్వాత నిజం చెబుతారు.